గోటి గుర్తు

పోయిన వారం నోట్ల మాస్టారిని ఆయన వంటింటి గుమ్మంలోనే నిలబెట్టి వచ్చాం. ఎదురుగా కూతురు. ఆమె ముందు తెల్ల పింగాణీ పళ్ళెం. పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు. నీళ్ళ అడుగున ఆయన తండ్రి నోటు. నీళ్ళపైన, నోటునుంచి ఊడిపోయి, చేపపొలుసులా తేలుతున్న స్టాంపు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అరవై ఏళ్ళ కిందట ఒక దేశం రెండయింది. కొత్త దేశానికి జెండా ఉంది, పాట ఉంది, మంత్రులున్నారు. డబ్బు లేదు. నోట్లు అచ్చెయ్యాలంటే నెలలు పడుతుంది. అందుకని గోరంత స్టాంపులు అచ్చేసి, పాత నోట్లమీదే అతికించారు. సరిహద్దు మూశారు. బడుల్లో బల్లలు వేశారు. జనాన్ని వరసల్లో నిలబెట్టారు. స్టాంపు పడిన నోటు కొత్త దేశపు డబ్బు. పడని నోటు చిత్తుకాగితం. గడువు ఒక్క వారం.

ఆ వరసలో మొట్టమొదట నిలబడింది తన తండ్రేనని, ఊళ్ళో తొలి స్టాంపు పడింది ఆయన నోటుమీదేనని మాస్టారు చెప్పేవాడు. హైస్కూల్లో చరిత్ర పాఠం చెప్పినన్నాళ్ళూ చెప్పాడు. దేశపు కరెన్సీ చరిత్ర మీద ఆయన రాస్తున్న పుస్తకంలో మొదటి వాక్యం అదే. కరెన్సీ మ్యూజియంలో కొత్తగా తెరుస్తున్న హాల్లో, గుమ్మం ఎదురుగా పెట్టబోయేదీ ఆ నోటే. కింద తండ్రి పేరుతో. దాన్ని తీసుకెళ్ళడానికి మ్యూజియం ఆవిడ ఈ సాయంత్రమే వస్తోంది. అంచుమీద టీ మరక ఉందని, పోగొడదామని, కూతురు నోటుని నీళ్ళలో వేసింది.

మాస్టారు కేకలేస్తాడని కూతురు ఎదురుచూసింది. వెయ్యలేదు. కేకలేస్తే అవతలివాళ్ళకి అక్కడితో తీరిపోతుందని ఆయన వెయ్యడు.

"అమ్మ ఇలాగే చేసేది నాన్నా. కవర్లమీద స్టాంపులు ఇలాగే ఊడదీసేది. నీళ్ళలో వేస్తే కాగితానికేమీ కాదనేది."

"అవి ఊడాలని వేసేది. ఇది ఊడకూడనిది."

"ఇది ఊడుతుందనుకోలేదు. దేశం అతికించింది కదా, గట్టిగా ఉంటుందనుకున్నా."

మాస్టారు చివర్లు చదునుగా ఉండే పట్టకారు తెచ్చి ముందు స్టాంపుని, తర్వాత నోటుని పైకి తీశాడు. రెంటినీ అద్దుడుకాగితం మీద పక్కపక్కన పరిచాడు. ముందుగదిలోకి తీసుకెళ్ళి కిటికీ పక్కన బల్లమీద పెట్టి, దీపం వేసి, భూతద్దం పట్టుకుని కూర్చున్నాడు.

కూతురు గుమ్మం దగ్గరే నిలబడింది. నలభై దాటిన మనిషి. మందుల షాపులో పని. పక్క వీధిలో కాపురం. తల్లి పోయినప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం వచ్చి తండ్రికి వండిపెట్టి వెళుతుంది. ఆయన ఎప్పుడూ బాగుందనడు. ఉప్పెక్కువైతే మటుకు చెబుతాడు.

"మళ్ళీ అతికించచ్చు కదా నాన్నా? చిరగలేదు. ఊడింది, అంతేగా."

"నోరుముయ్యి కాసేపు."

ఆయన చూస్తున్నది స్టాంపుని కాదు, స్టాంపు ఊడిన చోటుని.

ఆ గదిలో తూర్పు గోడకి భార్య బీరువా ఉండేది. ఆవిడ పోయిన ఏడాదికి ఆయన దాన్ని అమ్మేశాడు. గోడంతా మాసిపోయినా బీరువా ఉన్నంతమేర ఇప్పటికీ తెల్లగానే ఉంది. తలుపుల పైన చెక్కిన వంపుతో సహా ఆకారం తెలుస్తుంది. సున్నం వేయించండి నాన్నా అని కూతురు ఎన్నిసార్లు అన్నా వేయించలేదు. వేయించనని కూడా అనలేదు. కాగితం కూడా గోడలాంటిదే. కప్పి ఉంచిన చోట వయసు పడదు. అరవై ఏళ్ళ కిందట అతికించిన స్టాంపు ఊడితే, దాని కింద కాగితం లేతగా బయటపడాలి.

పడలేదు. చుట్టూ ఎంత పసుపుగా ఉందో అక్కడా అంతే. పైగా, నోటుకి అడ్డంగా ఉన్న పాత మడత సరిగ్గా ఆ చోటుమీదుగానే పోతోంది. మడతలో మట్టి నల్లగా ఇంకిపోయి ఉంది. ఆయన భూతద్దాన్ని స్టాంపు మీదికి జరిపాడు. మడత నోటుకి ఉంది. స్టాంపుకి లేదు.

నోటు ముందు ముసలిదైంది. స్టాంపు తర్వాత వచ్చింది.

మాస్టారు భూతద్దం కింద పెట్టాడు. ఇన్నేళ్ళుగా నోట్లు పోగేసే కుర్రాళ్ళు ఎంతోమంది తమవి తెచ్చి ఈ బల్లమీదే పరిచేవాళ్ళు. ఇది దొంగది, ఇది దొంగది అని పక్కకి నెట్టేవాడు. ఒకడు ఏడ్చాడు కూడా. ఏడిస్తే అసలుది అయిపోదన్నాడు వాడితో.

"మీ మామయ్యకి ఫోన్ చెయ్యి. రమ్మను."

"ఎందుకని అడిగితే?"

"టీకి అని చెప్పు."

కూతురు తండ్రి మొహంలోకి చూసింది. "టీకంటే నమ్మడు నాన్నా."

"అందుకే వస్తాడు."

*

మామయ్య అంటే మాస్టారి బావమరిది. భార్యకి తమ్ముడు. సరుకు ఓడల్లో వంటవాడిగా చేసి, మోకాలు చెడి ఒడ్డెక్కాడు. ఇంట్లో అందరికీ ఓడ మామయ్య. మాస్టారి అరల్లో ఉన్న విదేశీ నోట్లలో సగానికి పైగా ఆయన రేవుల్లో పోగేసి తెచ్చినవే. దొంగ సరుకు ఈ ఇంట్లోకి రావడానికి ఒకటే దారి ఉందని, ఆ దారి కుంటుకుంటూ నడుస్తుందని మాస్టారి లెక్క.

ఓడ మామయ్య వస్తూనే చెప్పులు విడిచి, గది నాలుగు మూలలూ చూసి, మెత్తని కుర్చీ ఏదో చూసుకుని కూర్చున్నాడు. బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు. గోళ్ళు కొరకడం చిన్నప్పటి జబ్బు. కొరకడానికి ఏమీ మిగలకపోయినా మానలేదు. వేలికొసలు గోరన్నది లేకుండా సీసా బిరడాల్లా ఉంటాయి.

"ఏం బావా, టీకి పిలిచావట! అమ్మాయి చెబితే ఫోన్ కింద పడేశాను. అక్క పోయాక ఈ ఇంట్లో నాకు మంచినీళ్ళు పుట్టడం కూడా గగనమైపోయింది. ఏమైంది? ఒంట్లో బావుందా?"

"బావుంది."

"డాక్టరేమైనా చెప్పాడా?"

"నాకేం కాలేదురా. కూర్చో."

"కూర్చునే ఉన్నాను బావా. అదీ చూడటం లేదంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే."

కూతురికి నవ్వొచ్చి వంటింట్లోకి తప్పుకుంది. గిన్నెలో నీళ్ళు పోసిన చప్పుడు.

బావమరిది చెయ్యి చాచి అరలోంచి ఒక ఆల్బం లాగాడు. ఆయన ఈ గదిలోకి వస్తే చేసే మొదటి పని అదే. తను తెచ్చినవాటిని తనే చూసుకుని మురిసిపోతాడు.

"ఇది గుర్తుందా బావా? ఈ రేవులో టీ తాగితే చిల్లర ఇవ్వలేక బస్తా ఇచ్చాడు. సున్నాలు చదవడానికే ఊపిరి చాల్లేదు. పొద్దున రొట్టె వచ్చే నోటుకి సాయంత్రం అగ్గిపుల్ల రాలేదు. ఇదిగో, ఇది గుడ్డమీద అచ్చేసింది. యుద్ధంలో కాగితం దొరక్క. మా కళాసీ ఒకడు దీన్ని ఉతుక్కుని చేతిరుమాలుగా వాడుకున్నాడు." పేజీ తిప్పాడు. "ఈ దేశం ఇప్పుడు లేదు. ఇదీ లేదు. ఇది ఉందిగానీ పేరు మార్చుకుంది. నీ ఆల్బం చూస్తుంటే స్మశానంలో తిరిగినట్టుంటుంది బావా. అందరూ మంచి బట్టలు వేసుకుని పడుకున్నారు."

"పెట్టెయ్యి దాన్ని."

ఆ గొంతు బావమరిదికి తెలుసు. ఆల్బం మూశాడు.

మాస్టారు బల్లమీది దీపాన్ని కాస్త ముందుకి జరిపాడు. అద్దుడుకాగితం మీద నోటు. దాని పక్కన, జానెడు దూరంలో, స్టాంపు. ఓడ మామయ్య కుర్చీలోంచి ముందుకి వంగి చూశాడు. వేలు నోట్లోంచి తీసేశాడు.

"ఎక్కడ కొన్నావు?" అన్నాడు మాస్టారు.

"ఏది?"

"ఏది అన్నావు. అబద్ధం చెప్పబోయేవాడు ముందు ప్రశ్నని ప్రశ్నతో ఆపుతాడు. బడిలో ఇలాంటివాళ్ళని వందమందిని చూశాను. స్టాంపు ఎక్కడ కొన్నావు?"

"నేను కొనలేదు."

"మా అమ్మ పోయాక మా నాన్న పెట్టె తెరిచినప్పుడు ఇంట్లో ఉన్నది నువ్వూ మీ అక్కా. నేను పరీక్షల డ్యూటీమీద ఊరెళ్ళాను. తిరిగొచ్చేసరికి నోటు బయటికి తీసి పెట్టి ఉంది. అప్పుడు అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. నన్ను ఇన్నేళ్ళు వెధవని చేసి, నువ్వు తెచ్చిన దొంగ స్టాంపుని నాచేత పూజ చేయించావు. ఎంతకి కొన్నావురా?"

"స్టాంపు దొంగది కాదు బావా."

"మడత లేదు దానికి!"

"లేదు. కానీ స్టాంపు దొంగది కాదు. ఆ వారం కోసం అచ్చేసిందే అది." బావమరిది గొంతులోంచి వేళాకోళం పోయింది. "భూతద్దం తీసి చూడు. ఎడమవైపు కింది మూల."

"చూశాను. ఎన్నేళ్ళనుంచో చూస్తున్నాను. నెలవంకలా చిన్న నొక్కు ఉంది. వాడకంలో పడ్డ నొక్కు."

"నొక్కు కాదు. గోరు."

వంటింటి గుమ్మంలో టీ కప్పులు పట్టుకుని నిలబడ్డ కూతురు అక్కడే ఆగిపోయింది. కప్పులు కిటికీ గట్టుమీద పెట్టి లోపలికి వెళ్ళి, ఉప్పు డబ్బా పట్టుకొచ్చింది. పాత రేకు డబ్బా. మీద తెల్లకాగితం చీటీ అతికించి ఉంది. దాన్ని దీపం కింద పెట్టింది.

చీటీ ఎడమవైపు కింది మూల, నెలవంకలా, ఒక గోటి గుర్తు.

ఆ వంటింట్లో అలాంటి డబ్బాలు రెండు వరసలున్నాయి. ఆయన భార్య చేతి చీటీలు. ఆవిడ ఎడమచేతి బొటనవేలి గోరు ఒక్కటీ కత్తిరించుకునేది కాదు. పనికొస్తుందనేది. దేనికని ఆయన ఎప్పుడూ అడగలేదు. పెళ్ళాన్ని అడగాల్సిన సంగతులు ఆమె పోయాకే గుర్తొస్తాయి మగవాళ్ళకి. అప్పుడు వాళ్ళని మెచ్చుకోవాల్సిన పనేమీ లేదు.

"చెప్పు," అన్నాడు మాస్టారు.

"అక్క చెప్పొద్దంది."

"ఆవిడ లేదు. నేనున్నాను. చెప్పు."

ఓడ మామయ్య టీ కప్పు తెచ్చుకున్నాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు.

"స్టాంపులు వేసిన వారం మా అమ్మ బల్ల దగ్గర పనికి కుదిరింది. రోజు కూలీ. మీ అత్తగారి చెయ్యి ఎంత వాటమో నీకు తెలుసు కదా. అక్కా నేనూ బల్ల కింద కూర్చుని పిండి జిగురు కలిపేవాళ్ళం. నాకు అయిదేళ్ళు. నేను కలిపినదానికంటే తిన్నది ఎక్కువ. అక్కకి ఎనిమిది. సాయంత్రమయ్యేసరికి అమ్మ చెయ్యి లాగేస్తే అక్క అతికించేది. కుంచె ఒక చేత్తో, నోటు ఒక చేత్తో. అతికించాక ఎడమ మూల గోటితో నొక్కాలి. ఆ మూలే ముందు లేస్తుంది. మిగతా బల్లల వాళ్ళు గుడ్డతో అద్ది వదిలేసేవాళ్ళు. మా బల్ల స్టాంపులు ఒక్కటీ ఊడలేదని అమ్మ చచ్చేదాకా చెప్పుకుంది."

"మా నాన్న నోటు మీ బల్లమీదే పడిందా?"

"మీ నాన్న మా బల్ల దగ్గరికే వచ్చాడు." బావమరిది కప్పులోకి చూస్తూ అన్నాడు. "మొదటి రోజు కాదు బావా. ఆఖరి రోజు. వరసలోనూ మొదట కాదు, చివర్లో. తన దుకాణం డబ్బంతా కట్టగా తెచ్చి బల్లమీద పెట్టాడు. అమ్మ కుంచె తీసింది. అప్పుడడిగాడు, ఇది అతికిస్తే అవతల చెల్లుతుందా అమ్మా అని. చెల్లదు, ఇక్కడే చెల్లుతుంది అంది అమ్మ. మా అన్న అవతల ఉండిపోయాడు, దీంట్లో సగం వాడిది అన్నాడు. పర్యవేక్షణకి నిలబడ్డ ఆఫీసరు నవ్వి, అయితే ఇవాళ్టినుంచి మీ అన్న విదేశీయుడండీ, త్వరగా కానివ్వండి అన్నాడట."

మాస్టారు నోటుని కాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"మీ నాన్న కట్ట తీసుకుని చొక్కాలో పెట్టుకున్నాడు. వెనకాల ఆయన్ని ముందుకి రమ్మని చెయ్యి చూపించి, వెళ్ళిపోయాడు. ఆ వారమంతా అంత జనంలో బల్లదాకా వచ్చి వెనక్కి పోయినవాడు ఆయనొక్కడే. అందుకే అమ్మకి గుర్తు. నీ సంబంధం వచ్చినప్పుడు ఇంటిపేరు వినగానే గుర్తుపట్టింది."

మాస్టారు ఆ రోజుల్లో అమ్మమ్మగారి పల్లెలో ఉండేవాడు. అక్కడి బడిలో చదువు. ఆ ఏడాదే తండ్రి పోయాడు. దుకాణం మూతపడింది. తల్లి టౌనులో దర్జీవాడి దగ్గర చొక్కాలకి బొత్తాలు కుట్టి ఆయన్ని చదివించింది. ఎందుకు పేదవాళ్ళమైపోయామని అడిగితే, మీ నాన్న పోయాడు కదరా అనేది. వరస కథ ఆవిడ చెప్పలేదు. ఎవరు చెప్పారో మాస్టారు ఇప్పుడు వెతుక్కుంటే గుర్తుకు రావడం లేదు. ఎవరూ చెప్పి ఉండరు. పల్లెటూరి బడిలో, నాన్న లేని పిల్లవాడు, పక్కవాడి నాన్నకంటే గొప్ప నాన్నని తయారుచేసుకుని ఉంటాడు. దానికి స్టాంపు పడేసరికి చరిత్ర అయింది.

"పెట్టెలో ఏముంది?"

"కట్ట ఉంది. ఒక్కదానిమీదా స్టాంపు లేదు. అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మా అమ్మ దాచుకున్న స్టాంపులు అక్క దగ్గర ఉండేవి. పని అయిపోయాక మిగిలినవి, గుర్తుగా. ఆ ఏడాదే నీకు బడిలో సన్మానం చేశారు, గుర్తుందా? నువ్వు వేదికమీద మీ నాన్న సంగతి చెబితే పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అక్క ముందు వరసలో ఉంది. నేనూ ఉన్నాను. ఈయన ఈ కట్ట చూస్తే ఏమైపోతాడురా అంది. జిగురు కాచింది, అతికించింది."

మాస్టారికి ఆ సాయంత్రం గుర్తుంది. ఊరినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే భార్య తువ్వాలుతోపాటు ఆ నోటు తెచ్చి చూపించింది. చూడండి, మీరన్నట్టే, అంది. ఆయన ఎగిరి గంతేశాడు. ఆవిడ మళ్ళీ అంది, మీరన్నట్టే. ఆ తర్వాత ఆయన పుస్తకం మొదటి అధ్యాయం రాసి చదివి వినిపించినప్పుడల్లా ఆవిడ ఏదో ఒకటి ఏరుతూనో మడతపెడుతూనో వినేది. బాగుందనేది. ఏ వాక్యం మార్చమనీ అనలేదు.

బతికున్న మనిషిమీద కోపమొస్తే మాటలు మానేయచ్చు. ఆయన ఆ పని బాగా చేసేవాడు, వారాల తరబడి. పోయిన మనిషి ముందు ఆ ఆయుధం పనిచెయ్యదు. ముందు మాట మానేసింది ఆవిడే.

"మిగతా కట్ట ఏమైంది?"

ఓడ మామయ్య టీ ఒక గుక్క తాగాడు. "అమ్మాయ్, పంచదార మర్చిపోయావే."

కూతురు పంచదార డబ్బా తెచ్చింది. దానిమీదా ఆ నెలవంక ఉంది. ముగ్గురూ చూశారు.

"అతికించెయ్యి బావా," అన్నాడు బావమరిది చెంచా తిప్పుతూ. "ఊడింది, అంతే. ఊడినవి అతికించుకోమా? ఆ మ్యూజియం ఆవిడ అద్దం వెనకాల పెట్టేస్తుంది. అద్దం వెనక పెట్టాక ఎవడడుగుతాడు? అయినా నోటంటే ఏంటి? అందరూ కలిసి ఒప్పుకున్న అబద్ధం. ఒప్పుకున్నన్నాళ్ళూ నిజం."

"ఆ మాట నాది. నా పుస్తకంలోది."

"నీదే. నీ మాట నీకే చెల్లదా?"

కూతురు తండ్రి కుర్చీ వెనక నిలబడి మెల్లగా అడిగింది. "నాన్నా, జిగురు కలపనా? పిండి ఉంది. ఆవిడొచ్చేలోగా ఆరిపోతుంది."

నోటు తడిపింది ఆమె. తాతని, అమ్మని, నాన్న పుస్తకాన్ని ఒక్క పళ్ళెంలో ముంచింది ఆమె. జిగురు కలిపితే అన్నీ ఎక్కడివక్కడ అతుక్కుంటాయి.

మాస్టారు నోటువైపు చూశాడు. స్టాంపు లేకుండా అది కొత్తగా ఉంది. అన్న కోసం దుకాణం డబ్బంతా పాడుచేసుకున్న మనిషి. పెళ్ళాం బొత్తాలు కుట్టి కళ్ళు పోగొట్టుకుంటుందని ఒక్కసారైనా ఆలోచించాడా? ఆ సంగతి మాస్టారు క్షమించలేడు. కానీ బల్లదాకా వచ్చి, కుంచె తడిశాక, ఆఫీసరు నవ్వుతుంటే కట్ట వెనక్కి తీసుకోవడం. అది ఆయన పుట్టించుకున్న నాన్న చేసిన పని కాదు. ఆ నాన్న వరసలో ముందు నిలబడ్డాడు, అందరిలాగే. ఈ నాన్న ఎవరో ఆయనకి తెలియదు. అరవై ఏళ్ళు తెలియనివ్వలేదు. తెలియనివ్వనివాళ్ళలో ఒకావిడ ఆయనకి రోజూ అన్నం పెట్టింది.

వీధి తలుపు తట్టిన చప్పుడు.

"నాన్నా," అంది కూతురు.

"వద్దు. తలుపు తియ్యి."

*

మ్యూజియం ఆవిడ ముప్ఫై అయిదేళ్ళ మనిషి. పొట్టి జుట్టు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో లోపల మెత్తని గుడ్డ పరిచిన చదునైన పెట్టె. గుమ్మంలోనే నమస్కారం పెట్టింది. నవ్వుతూ వచ్చింది. బల్లమీద విడివిడిగా ఉన్న నోటునీ స్టాంపునీ చూసి నవ్వు ఆపేసింది.

"ఊడిపోయిందా మాస్టారూ?"

"ఊడింది. కూర్చోండి. ఊడిందన్నది చిన్న సంగతి." మాస్టారు లేచి నిలబడ్డాడు. బడిలో పాఠం చెప్పినట్టే నిలబడ్డాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఈ స్టాంపు ఆ వారంలో పడింది కాదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత మా ఆవిడ అతికించింది. మా నాన్న నోటుకి స్టాంపు వేయించుకోలేదు. వరసలో మొదట నిలబడలేదు. చివర్లో వచ్చి, వెనక్కి వెళ్ళిపోయాడు. నేను మీకు చెప్పిందీ, పిల్లలకి చెప్పిందీ, పుస్తకంలో రాసిందీ తప్పు."

ఓడ మామయ్య కళ్ళు మూసుకున్నాడు.

"హాల్లో పెట్టడం పెట్టకపోవడం మీ ఇష్టం. పెడితే స్టాంపు లేకుండా పెట్టండి. కింద పేరు రాస్తే, ఇది వేయించుకోలేదని కూడా రాయండి."

చెప్పాక ఆయన కూర్చున్నాడు. బరువు దిగినట్టు లేదు. అలా దిగుతుందని కథల్లో రాస్తారు. ఆయనకి అరికాళ్ళు చల్లబడ్డాయి, అంతే. కూతురు ఆయన భుజంమీద చెయ్యి వేసింది. ఆయన తీసెయ్యలేదు.

మ్యూజియం ఆవిడ కోప్పడలేదు. ఫర్వాలేదనీ అనలేదు. చేతికి పలచని తొడుగులు వేసుకుని, తన భూతద్దం తీసి, నోటుమీద వంగింది. అంచులు చూసింది. మడత చూసింది. నంబరు చదివింది. తర్వాత స్టాంపు దగ్గరికి వచ్చింది. ఎడమవైపు కింది మూల దగ్గర ఆగిపోయింది. అక్కడ చాలాసేపు ఉంది. మళ్ళీ నోటు దగ్గరికి వెళ్ళి నంబరు ఇంకోసారి చదివింది.

"మాస్టారూ, ఇలాంటివి మీ దగ్గర ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"ఇదొక్కటే."

"సరిగ్గా చెప్పండి. నేను తప్పు పట్టడానికి అడగడం లేదు."

"ఒక్కటే అన్నాను కదమ్మా. నా బతుకులో ఇదొక్కటే ఉంది."

ఆవిడ భూతద్దం మూసేసింది. తొడుగులు తియ్యకుండానే కుర్చీలో వెనక్కి జరిగింది.

"మా మ్యూజియంలో స్టాంపు పడిన నోట్లు చాలా ఉన్నాయి. వాటిలో నాలుగు మాత్రం ఒకేలా ఉంటాయి. నాలుగిటికీ ఎడమ మూల ఇలాంటి నెలవంక ఉంది. ఒకే బల్ల దగ్గర వేసి ఉంటారని ఆ బల్లకి మేమే ఒక పేరు కూడా పెట్టుకున్నాం. అవంటే మాకు గొప్ప. ఎందుకంటే నంబర్లు వరసగా ఉంటాయి. ఒకే కట్టలోవి." ఆవిడ నోటువైపు చూసింది. "వాటి నంబర్లు దీని తర్వాతనుంచి మొదలవుతాయి."

మాస్టారి భుజంమీద కూతురి చెయ్యి బిగిసింది.

"ఎవరిచ్చారు మీకు?"

"ఇవ్వలేదు, కొన్నాం. నేను ఉద్యోగంలో చేరకముందు సంగతి. నాలుగూ ఒక్కరే అమ్మారట. ఓడల్లో వంట చేసే ఆయన అని మా పాత ఆఫీసరుగారు చెప్పేవారు."

ఆవిడ ఆ గదిలో ఉన్న మూడో మనిషిని ఎరగదు. ఎరిగిన ఇద్దరూ అటు తిరిగారు.

ఓడ మామయ్య కప్పు చుట్టూ రెండు చేతులూ కలిపి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పది వేళ్ళూ కనిపిస్తున్నాయి. మొద్దుగా, గుండ్రంగా. ఒక్కదానికీ గోరు లేదు. అయిదేళ్ళ వయసునుంచీ లేదు. అమ్మింది ఆ చేతులే కావచ్చు. ఆ నెలవంకలు పెట్టింది మటుకు ఆ చేతులు కాదు.

మాస్టారు భూతద్దం పక్కకి నెట్టాడు.

"ఒక్కటే అతికించిందన్నావు కదరా," అన్నాడు.

ఓడ మామయ్య కప్పు కింద పెట్టాడు. అడుగున కరగని పంచదార తెల్లగా మిగిలి ఉంది.

"అతికించిందన్నాను బావా. ఒక్కటే అని నేనన్నానా?"